చలికాలం చెరువు

చలి ముదిరితే పాలకుర్తి చెరువుల్లో గాలం వేసి ఎంతసేపు కూర్చున్నా బెండు కదలదు. ఎర్ర మంచిదే, తప్పు చలిది. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్లు 20 డిగ్రీల కిందికి దిగితే ఆకలీ చస్తుంది. రవ్వ, బొచ్చ మందకొడిగా లోతున పడి ఉంటాయి. తెల్లారుజామున వణుక్కుంటూ పోయేకన్నా, ఎండ ఎక్కాక గట్టు వారన వేయడం మేలు.

మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను తీరు వేరు. అది గాలి పీల్చే చేప. బుడుంగున పైకొచ్చి, ఓ గుటక వేసి మునుగుతుంది. ఆ సుడి ఆరకముందే గాలం పడాలి!

ఇక వల వేసేవాళ్లకో మాట: వలలో పడ్డ చేపకు ఎర్రటి పుండ్లుంటే అది చలికాలపు బూజు తెగులు కావచ్చు. దాన్ని తిరిగి నీళ్లలో వదలొద్దు. వలను ఎండలో బాగా ఆరబెట్టాకే మరో చెరువులో దించండి.