బీదర్ మినార్‌కి జోడీ

ఖటక్ చించోళి నుంచి బీదర్ వెళ్తే మహమూద్ గవాన్ మదరసా చూడండి. 1472 నాటి కట్టడం, ఫోన్‌లో ఒక్క ఫొటోకి ఇమడదు. ఎడమ నుంచి కుడికి నాలుగైదు తీసి అతికించుకోవాలి. ప్రతి ఫొటోలో ముందుదాని మూడోవంతన్నా మళ్లీ పడాలి. మినార్ మీది రంగు పలకలు రెండింట్లోనూ కనబడితేనే హగిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కి అతుకు దొరుకుతుంది. ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి, లేదంటే ఆకాశం చారలు కడుతుంది.

ఇంకోటి, నడుస్తూ తియ్యకండి. నిలబడ్డచోటే తిరగాలి. నేను నడిచాను, అతికిస్తే మినార్లు రెండయ్యాయి! నిజానికి అక్కడ మిగిలింది ఒకటే. దాని జోడీ 17వ శతాబ్దం చివర్లో మందుగుండు పేలి కూలిపోయింది.