పక్షవాతం పుట్టింటి ఆస్తా?



“మా నాయనకు పక్షవాతం వచ్చింది, నాకూ తప్పదేమో” అని మన కర్నూలు, కడప ఇళ్లలో దిగులుపడే ఆడవాళ్లు ఎందరో! ఆ దిగులులో కొంత నిజం లేకపోలేదు. పీడీఈ4డీ అనే జీన్‌లోని తేడాలకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 2003లో ఐస్‌లాండ్ పరిశోధకులు చెప్పారు. తర్వాత హైదరాబాదులో మన తెలుగు రోగుల్లోనూ ఆ జీన్‌ను పరిశీలించారు. అయితే ఫలితాలు అన్ని దేశాల్లో ఒకేలా రాలేదు. కనుక ఒక్క జీన్ మన నుదుటిరాత కాదు.

జీన్‌ను మార్చుకోలేం గాని, రక్తపోటును అదుపులో పెట్టుకోగలం. సంగటిలోకి, రొట్టెలోకి ఊరగాయ తగ్గించండి. ఇంటాయనకే కాదు, మీరూ బి.పి., షుగరు చూపించుకోండి. బాగున్నాం కదా అని మాత్రలు మానకండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందులకని ఊళ్లు తిరగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే సూది 4½ గంటల్లోపే వేయాలి. ఎవరికి వేయవచ్చునో స్కాన్ చూసి డాక్టరుగారు తేలుస్తారు. అందుకే జబ్బు ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. ఆస్పత్రిలో మొదట అడిగేది అదే.