వేగం పెంచిన కంప్యూటరు ఎందుకు ఆగిపోతుంది?

(స్థానిక తెలుగు సంఘం ఉగాది సమావేశంలో, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్య సభ పక్క గదిలో జరుగుతోంది. దారి తప్పి ఇటు వచ్చినవారు ఇప్పుడే లేచి వెళ్ళినా నేనేమీ అనుకోను. ఇక్కడ మాట్లాడబోయేది పద్యం గురించి కాదు, ఆట మధ్యలో ఠక్కున ఆగిపోయే కంప్యూటరు గురించి.

మనలో చాలామంది ఇళ్ళల్లో, బేస్‌మెంట్‌లోనో పిల్లల గదిలోనో, రంగురంగుల దీపాలు వెలిగే పెద్ద పెట్టె ఒకటి ఉంటుంది. వేసవి ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో భాగాలు కొని, పిల్లలే బిగించుకున్నది. అది ఆగిపోయినప్పుడల్లా ఇంట్లో ఒకటే వాదన. "రాత్రీ పగలూ ఆడితే పాడవదూ?" అని నాన్న. "తప్పు గేమ్‌ది" అని అబ్బాయి. కారణం చాలాసార్లు ఈ రెండూ కాదు. దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అదే ఈ రోజు చెప్పదలచుకున్నాను.

ముందుగా ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటో పెద్దల కోసం రెండు ముక్కలు. ప్రాసెసర్‌కి తాళం వేసే గడియారం ఒకటి ఉంటుంది. సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని 50తో హెచ్చిస్తే 5 గిగాహెర్ట్జ్. ఆ హెచ్చవేతను 52 చేస్తే 5.2. అంతే సంగతి. తయారుచేసినవాడు ప్రతి చిప్పూ వేసవిలోనూ, దుమ్ము పట్టినా, నాలుగేళ్ళు పాతబడినా పనిచెయ్యాలని కొంత వెసులుబాటు ఉంచి అమ్ముతాడు. ఆ వెసులుబాటుని మనం వాడేసుకోవడమే ఓవర్‌క్లాకింగ్.

వై2కే రోజుల్లో వచ్చినవారికి ఇంటెల్ సెలెరాన్ 300ఏ గుర్తుండే ఉంటుంది. 1998లో వచ్చింది. బస్ వేగం 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450కి పరుగెత్తేది. కాబట్టి ఇది నేటి పిల్లల పిచ్చి కాదు, మన తరం అలవాటే.

పది బస్తాల బండికి పదమూడు వేస్తే చదును బాటలో బాగానే పోతుంది. చెరువుగట్టు ఎక్కేటప్పుడు ఇరుసు విరుగుతుంది. ఇక్కడా అంతే. ఈమెయిల్ చూసుకుంటే ఏమీ కాదు, బరువైన ఆట మొదలుపెడితే ఆగుతుంది. పైగా వేగంతో పాటు వోల్టేజి కూడా పెంచాల్సి వస్తుంది. చిప్పు ఖర్చుచేసే విద్యుత్తులో ప్రధాన భాగం వేగాన్ని బట్టీ, వోల్టేజి వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజి 10 శాతం పెంచామనుకోండి. 1.1ని మూడుసార్లు హెచ్చిస్తే 1.33. అంటే పది శాతం వేగానికి ముప్పై మూడు శాతం అదనపు కరెంటు ఖర్చు, దానికి తగ్గ వేడి.

ఇక అసలు కథకి వస్తాను. మా ఊళ్ళో నాకొక మిత్రుడున్నాడు. వాళ్ళబ్బాయికి పదహారేళ్ళు. ఆట మొదలుపెట్టిన అరగంటలోపు కంప్యూటరు ఆగిపోతోంది. మూడు నెలల్లో విండోస్ రెండుసార్లు తిరగేసి ఎక్కించారు, గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చారు, కొత్త పవర్ సప్లై కూడా కొన్నారు. రోగమొకటి, మందొకటి. చివరికి "ఒరేయ్, నువ్వొచ్చి చూడు, లేకపోతే దీన్ని అమ్మిపారేస్తాను" అన్నాడు మిత్రుడు. అబ్బాయి మొహం చూస్తే జాలేసింది.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "బాబూ, ఏమేమి మార్చావో రాసిపెట్టావా?" అని. "లేదు అంకుల్" అన్నాడు. అందుకని ముందు బయోస్‌లోని ప్రతి తెరనీ ఫోనుతో ఫోటో తీయించాను. తరువాత అన్నింటినీ ఫ్యాక్టరీ అమరికకి తెచ్చాం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, మూడూ. మెమరీ సంగతి చాలామందికి తట్టదు. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అని బయోస్‌లో ఒక్క మీటతో వచ్చే ప్రొఫైళ్ళు ఉంటాయి. పెట్టె మీద రాసిన వేగమే కదా అని అందరూ వాటిని ఆన్ చేస్తారు. అదీ ఓవర్‌క్లాకింగే.

ఫ్యాక్టరీ అమరికలో మూడు రోజులు అదే ఆట ఆడమన్నాను. బహుశా వాళ్ళ నాన్న సమక్షంలో ఆడుకోమని ఒక పెద్దమనిషి చెప్పడం వాడి జీవితంలో అదే మొదటిసారి. ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే భాగాలేవీ పాడవలేదు, తేడా అమరికలో ఉంది. సగం దర్యాప్తు అక్కడితో అయిపోయింది.

ఆ తరువాత ఒక్కొక్కటే పెంచుకుంటూ వచ్చాం. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పెంచి ఒక రోజు, బాగానే ఉంది. దాన్ని దించి ప్రాసెసర్ ఒక్కటే పెంచి, ప్రైమ్95తో రాత్రంతా లెక్కలు చేయించాం, బాగానే ఉంది. మూడోది మెమరీ ప్రొఫైలు. దానికి మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష ఉంది. విండోస్ అక్కర్లేకుండా యూఎస్‌బీ డ్రైవ్ నుంచి నేరుగా నడుస్తుంది. మొదటి దఫా శుభ్రంగా పోయింది. రెండో దఫాలో ఎర్ర అక్షరాలు. అందుకే ఒక్క దఫాతో ఆపొద్దంటాను.

విచారిస్తే తేలిందేమిటంటే, మొదట రెండు మెమరీ ముక్కలతో కట్టిన కంప్యూటరుకి అబ్బాయి తరువాత అలాంటివే ఇంకో రెండు కలిపాడు. ముక్కలు మంచివే. కానీ నాలుగింటినీ ఒకేసారి ఆ వేగంతో తోలడం మెమరీ కంట్రోలర్‌కి భారం. ఉదాహరణకి ఏఎండీ రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి తయారీదారు ఇచ్చిన పరిమితే రెండు ముక్కలతో 5200, నాలుగింటితో 3600. నాలుగూ ఉంచి వేగాన్ని తయారీదారు చెప్పిన చోటికి దించాం. నాలుగు దఫాలు ఒక్క తప్పు లేదు. ఆటలో తేడా అబ్బాయికే తెలియలేదు.

ఇలాంటి వెతుకులాటలో దారి తప్పించేవి కొన్ని ఉన్నాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 కనబడగానే పవర్ సప్లై పోయిందనుకుంటారు. కంప్యూటరు పద్ధతిగా మూతపడకుండా తిరిగి లేచింది అని మాత్రమే దానర్థం. ఎందుకో అది చెప్పదు. మిత్రుడి ఇంట్లో కొత్త పవర్ సప్లై ఖర్చు అలా వచ్చిందే. దానికన్నా డబ్ల్యూహెచ్‌ఈఏ పేరుతో వచ్చే నమోదులు విలువైనవి. హార్డ్‌వేరే తన తప్పుని తాను చెప్పుకున్నట్టు లెక్క. మనమంతా ఎరిగిన నీలం తెర 2025లో విండోస్ 11లో నల్లబడింది, కానీ కింద కనబడే కోడ్ ఇప్పటికీ ఉంటుంది. అది మాయమయ్యేలోగా ఫోటో తీసుకోండి.

రెండోది వేడి. అందరూ ముందు దాన్నే అనుమానిస్తారు. ఇప్పటి ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గరికి రాగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. వేడెక్కితే ముందు ఆట నెమ్మదిస్తుంది. మూడోది, ఏ పనీ లేనప్పుడు ఆగిపోవడం. ఇది వింతగా ఉంటుంది. వోల్టేజి తగ్గించి అమర్చుకున్నవారికి ఇలా జరుగుతుంది. పని తక్కువున్నప్పుడే ఒక్క కోర్ అత్యధిక వేగానికి ఎగురుతుంది, ఆ క్షణానికి వోల్టేజి చాలదు.

ఫ్యాక్టరీ అమరికలో కూడా ఆగిపోతే? అప్పుడు పిల్లల్ని అనడం మానండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఎవరూ ఏమీ పెంచకుండానే ఆటల్లో ఆగిపోయాయి. తెర మీద మాత్రం వీడియో మెమరీ చాలలేదని వచ్చేది. గ్రాఫిక్స్ కార్డుని అనుమానించినవారు ఎందరో! అవసరానికి మించిన వోల్టేజి ప్రాసెసర్‌ని దెబ్బతీస్తోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, దిద్దుబాటు మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ దిద్దుబాటు బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్పుని అది బాగుచెయ్యలేదు, మార్పించుకోవాల్సిందే. మీ ఇంట్లో అలాంటిది ఉంటే బయోస్ ఏ నాటిదో చూడండి.

చివరిగా, పెద్దలు శ్రద్ధగా వినవలసిన మాట. ఆగిపోయే కంప్యూటరు నిజానికి నయం, తప్పు జరిగిందని చెబుతోంది. ఆగకుండా తప్పు చేసేదే ప్రమాదం. నా మిత్రుడు పాత టేపుల నుంచి ఎక్కించిన కుటుంబ వీడియోలని ఒక పాత డిస్కు నుంచి ఈ కంప్యూటరులోకే కాపీ చేశాడు. వాళ్ళమ్మగారి షష్టిపూర్తి, అమ్మాయి అన్నప్రాసన, అన్నీ అందులోనే. ఆవిడ ఇప్పుడు లేరు. పాత డిస్కుని చెరిపేద్దామనుకుంటున్న సమయంలో మెమరీ సంగతి బయటపడింది. నాకు అనుమానం వచ్చి, విండోస్‌లోనే ఉన్న గెట్ ఫైల్‌హాష్ అనే ఆదేశంతో అటూ ఇటూ పోల్చి చూశాం. రెండు వందల పైచిలుకు ఫైళ్ళలో తొమ్మిది సరిపోలలేదు. ఒకదాన్ని తెరిస్తే ఆవిడ మాట్లాడుతుండగా బొమ్మ ఆకుపచ్చ గళ్ళుగా చెదిరిపోయింది. తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీ సర్వర్లలో ఉంటుంది గానీ, మన ఇళ్ళల్లోని గేమింగ్ కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. డిస్కు ఇంకా చెరపలేదు గనుక మెమరీ సరిచేసి ఆ తొమ్మిదీ మళ్ళీ ఎక్కించుకున్నాం. పోల్చి చూసే పని అంతా అబ్బాయే చేశాడు. నాయనమ్మ గొంతు మళ్ళీ సరిగ్గా వినబడ్డప్పుడు అమ్మిపారేసే మాట ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి పిల్లలకి నా మనవి: వేగం పెంచుకోండి, తప్పులేదు. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి, రాత్రంతా పరీక్షించండి. పరీక్ష పూర్తయ్యేదాకా ఇంట్లోవాళ్ళ ఫోటోలు, పన్నుల కాగితాలు ఆ కంప్యూటరులోకి తేవద్దు. పెద్దలకి మనవి: తిట్టేముందు ఏమి మార్చారని అడగండి. నిదానమే ప్రధానం అన్న మాట మనకి కొత్త కాదు. వేగం కోసం కొన్న యంత్రానికి కూడా అది వర్తిస్తుంది.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర దొరుకుతాను. సెలవు.