బోర్డు బిగించారు సరే, సారుకు ధైర్యం ఎవరిచ్చారు?

ఆడియో విన్నవాళ్లకు వెనకాల ఏసీ చప్పుడు బాగా వినబడి ఉంటుంది. మా బిల్డింగులో అంతకంటే నిశ్శబ్దమైన మూల దొరకలేదు, ఏమనుకోవద్దు. వినే తీరిక లేక బస్సులో చదువుకునే అన్నదమ్ముల కోసం ఎప్పట్లాగే ఈ రాత కాపీ పెడుతున్నా. మాట్లాడినట్టే ఉంటుంది, అక్కడక్కడా సర్దాను అంతే.

పోయిన వారం మెహబూలా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. కూతురు ఏడో తరగతి, ఊళ్లో గవర్నమెంటు బడి. టౌనులో 'డిజిటల్ క్లాస్‌రూమ్' అని ఫ్లెక్సీ కట్టిన స్కూల్లో వేద్దామని ఇంట్లో పట్టుబడుతున్నారంట. ఫీజు, ఆటో కలిపితే ఏడాదికి అతని నెలన్నర జీతం. "అన్నా, ఆ బోర్డుంటే నిజంగా చదువు వస్తాదా?" అని ఒక్క ముక్క అడిగాడు. నెలన్నర జీతమంటే జూలై ఎండలో ఎన్ని గంటలో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దీనికే.

జవాబు ముందే చెప్పేస్తా. బోర్డు వల్ల చదువు రాదు. బోర్డు ముందు నిలబడే సారుకు దాని మీద ఏం నమ్మకం ఉంది, తన మీద తనకు ఎంత ధైర్యం ఉంది, ఈ రెండిటిని బట్టి వస్తుంది, లేదా పోతుంది. నేను టీచర్ని కాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి ఇక్కడికొచ్చినవాణ్ని. కానీ మా బావ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పైగా కొత్త మిషన్లు తెచ్చి మనుషుల చేతిలో పెట్టడమే సైట్లో నా ఉద్యోగం. కాబట్టి కొంత మాట్లాడొచ్చు అనుకుంటున్నా.

మన ఆంధ్రలో సామాను తక్కువేం రాలేదు. 2022 డిసెంబర్ 21 నుంచి గవర్నమెంటు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ల టీచర్లకూ బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. అన్నీ కలిపి ఐదు లక్షల పైమాటే. ఆ తర్వాత నాడు-నేడు పనులైన బడుల్లో ఆరో తరగతి నుంచి పైకి గోడకు పెద్ద టచ్ ప్యానెళ్లు, కింది తరగతులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెలంగాణలో కరోనా అప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి, టీ-శాట్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ పాఠాలు వేశారు. అంటే ఫ్లెక్సీ కట్టిన స్కూల్లో ఉన్న బోర్డు, ఆ తమ్ముడి కూతురు ఇప్పుడు చదివే బళ్లోనూ ఉండి ఉండొచ్చు. ఆ సంగతి ముందు కనుక్కోమని చెప్పాను.

సామాను ఇస్తే చాలనుకున్న దేశం ఇంకోటి ఉంది, పెరూ. పల్లెటూరి బడుల్లో పిల్లలకు తలా ఒక చిన్న ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 బడులను తీసుకుని పదిహేను నెలల తర్వాత కొలిస్తే లెక్కల్లోగానీ భాషలోగానీ మార్కులు పెరగలేదని 2012లో తేల్చారు. పెరూ పేదదేశం కదా అంటారా? అమెరికాలో లారీ క్యూబన్ అనే పెద్దాయన, స్వయంగా టీచరుగా పనిచేసినవాడు, సిలికాన్ వ్యాలీ బడుల్లోనే తిరిగి 2001లో పుస్తకం రాశాడు. అక్కడ కూడా గదిలో కంప్యూటర్లు ఉన్నా ఎక్కువమంది టీచర్లు ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లు, లేదా అసలు ముట్టుకునేవాళ్లు కాదు. వాడినవాళ్లు కూడా పాత పద్ధతిలో చెప్పే పాఠాన్నే కొంచెం సోకుగా చెప్పారు.

ఎందుకిట్లా అన్నదానికి పెగ్గీ ఎర్ట్‌మర్ అనే ప్రొఫెసరమ్మ 1999లో ఒక మంచి విభజన చెప్పింది. అడ్డంకులు రెండు వరసల్లో ఉంటాయంట. మొదటి వరస బయటిది: కరెంటు, నెట్, సామాను, టైము, ట్రైనింగు. రెండో వరస లోపలిది: చదువు చెప్పడమంటే ఏమిటని టీచరు నమ్ముతున్నాడు, కొత్తదాన్ని తను చేయగలనని అనుకుంటున్నాడా లేదా. మొదటి వరస కంటికి కనిపిస్తుంది, డబ్బు పెడితే తీరుతుంది. రెండోది కనిపించదు, టెండరు పిలిస్తే దొరకదు.

ఇది చదివినప్పుడు నాకు లేజర్ లెవెల్ గుర్తొచ్చింది. సైట్లో పాతకాలం మేస్త్రీలు ప్లాస్టిక్ పైపులో నీళ్లు పోసి మట్టం చూస్తారు, మీరందరూ చూసినవాళ్లే. లేజర్ తెచ్చిపెడితే ఇద్దరు వాడలేదు. ఒకాయన ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ. "నీళ్లు అబద్ధం చెప్పవు. ఈ ఎర్రగీతను నేనెందుకు నమ్మాల?" అన్నాడు. రెండోవాడు కుర్రోడు. వాడికి లేజర్ మీద నమ్మకముంది, తన మీదే లేదు. కింద పడేస్తే జీతంలో కోస్తారని భయం. బయట నుంచి చూసే ఇంజినీరుకు ఇద్దరూ ఒకటే, 'మొండివాళ్లు'. కానీ ఇద్దరి జబ్బూ వేరు, మందూ వేరే ఉండాలి.

కుర్రోడికి చెయ్యి అలవాటు కావాలి. ఎవరూ చూడకుండా, టైము గుర్తు చేయకుండా ఒక ఖాళీ ఫ్లాటులో నాలుగు రోజులు వదిలేస్తే సరిపోయింది. మేస్త్రీకి అట్లా కాదు. ఒకే ఫ్లోరులో ఆయన పైపుతో గుర్తులు పెట్టాడు, మేం లేజర్‌తో పెట్టాం. ఒక్క పిల్లర్ దగ్గర తప్ప అన్నీ కలిశాయి. ఆ పిల్లర్ దగ్గర తేడా ఎందుకొచ్చిందో చూస్తే పైపులో గాలి బుడగ. ఆ బుడగను పట్టుకున్నది ఆయనే. ఆ రోజు నుంచి ఆయన చేతిలోంచి లేజర్ తీసుకోవాలంటే మేం బతిమాలాల్సి వచ్చింది. టీచర్ల విషయంలో థామస్ గస్కీ అనే ఆయన 1986లోనే ఇదే మాట అన్నాడు: ఉపన్యాసం విని నమ్మకం మారదు, ముందు చేసి చూసి, పిల్లల్లో ఫలితం కనబడ్డాక మారుతుంది. మనం చేసేది తలకిందులు. ముందు ట్రైనింగ్ హాల్లో నమ్మించబోతాం.

ధైర్యం గురించి చెప్పినవాడు ఆల్బర్ట్ బండూరా, 1977లో. 'నేను చేయగలను' అనే నమ్మకం గాల్లోంచి రాదంటాడు. అన్నిటికంటే బలమైనది, తను స్వయంగా చేసి గెలిచిన అనుభవం. తర్వాత, తనలాంటివాడు చేస్తుండగా చూడటం. తనలాంటివాడు, ఆ మాట ముఖ్యం. హైదరాబాదు నుంచి వచ్చిన ఇరవై ఆరేళ్ల ఎక్స్‌పర్టు వేళ్లతో టకటకా చేసి చూపిస్తే యాభై రెండేళ్ల తెలుగు మాస్టారుకు ధైర్యం రాదు, ఉన్నది కూడా పోతుంది. పక్క ఊరి యాభై ఏళ్ల మాస్టారు తడబడుతూ చేసి చూపిస్తే వస్తుంది. గౌరవించే మనిషి చెప్పే మంచిమాట కొంత పనిచేస్తుంది. ఇక చెయ్యి వణకడం, గుండె దడ, వీటిని బట్టి కూడా మనిషి తన మీద తాను తీర్పు చెప్పుకుంటాడు.

మా బావను అడిగితే ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. "ప్యానెల్ ఆన్ చేస్తే నలభై మంది చూస్తుంటారు. అది తిరుగుతా ఉంటాది, తెరుచుకోదు. నేను దాని వెనకాల వైర్లు కదిలిస్తా ఉంటా, వెనక బెంచీ నవ్వుతా ఉంటాది. సుద్దముక్క ఎప్పుడూ నా పరువు తీయలేదు బామ్మర్దీ." పదో తరగతి ఫలితాలు తగ్గితే సంజాయిషీ అడిగేది ఆయన్ని, ప్యానెల్‌ను కాదు. పది నిమిషాలు పోతే ఆ సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?

ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ రోజుల్లో టీచరు చేతికొచ్చిన ప్రతి యాప్ ఆయన్ని చూడటానికే వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి హాజరు. సంఘాలు గొడవ చేశాయి, మీరు వార్తల్లో చూసే ఉంటారు. అవి అవసరమా కాదా అన్నది వేరే చర్చ. కానీ టెక్నాలజీ అంటే తనిఖీ అని ఒక మనిషికి మూడేళ్లు నేర్పించి, నాలుగో ఏడు అదే టెక్నాలజీతో సంతోషంగా పాఠం చెప్పమంటే ఎట్లా? మనకు సైట్లో సీసీ కెమెరా పెట్టినప్పుడు భద్రత కోసమే అన్నారు. ఎవరు నమ్మారు?

అట్లాగని తప్పంతా మనసులోనే ఉందంటే నేను ఒప్పుకోను. ఇన్వర్టర్ లేని బడికి వెళ్లి 'సార్, మీ మైండ్‌సెట్ మార్చుకోండి' అనడం అన్యాయం. బయటి అడ్డంకి తీర్చాక లోపలిది మాట్లాడాలి.

ధైర్యం ఉంటే చాలా అంటే అదీ కాదు. మా బావ బళ్లో ఇంకో కుర్ర మాస్టారున్నాడు, ప్యానెల్ అంటే భయమే లేదు. వీడియో పెట్టి, పీరియడ్ అంతా ఆడించి, పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటాడు. పాఠమంటే పిల్లల చెవిలో పోసేదని ఆయన నమ్మకం, ఇప్పుడు పోసే పని బోర్డుకు అప్పజెప్పాడు. మా బావ మాత్రం, సుద్దముక్క తప్ప ముట్టని మనిషి, పోయిన ఏడాది జియోజీబ్రా నేర్చుకున్నాడు. ఉచితమైనదే, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. తెర మీద ఒక త్రిభుజం గీసి, మూడు కోణాలు, వాటి మొత్తం కనిపించేట్టు పెట్టి, ఒక అమ్మాయిని పిలిచి మూల పట్టుకుని లాగమన్నాడు. కోణాలు మారుతున్నాయి, మొత్తం 180 దగ్గరే నిలబడింది. ఎంత సాగదీసినా అంతే. "సార్, నేను పాడుచేస్తా చూడండి" అని పిల్లలు పోటీలు పడ్డారంట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు వేరేగా ఉంది.

ఆయనకు ఆ ధైర్యం ఎక్కడిదో తెలుసా? ఎనిమిదో తరగతి అమ్మాయి నేర్పింది. ప్యానెల్ ఆగిపోయిన రోజు ఆ పిల్ల లేచి వచ్చి సరిచేసింది. బావ "నాకు తెలియదు, నువ్వు చెప్పమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. టీచరుకు అన్నీ తెలిసుండాలనే నమ్మకం పక్కన పెట్టాక పరువు పోలేదు, పైగా ఆ పిల్ల బళ్లో లీడరయింది.

ఇక మన సంగతి. ఐదు వేల కిలోమీటర్లో, అంతకంటే తక్కువో, దూరం నుంచి మనం ఏం చేయగలం? ఆ తమ్ముడికి చెప్పింది మీకూ చెబుతా. శుక్రవారం వీడియో కాల్‌లో 'డిజిటల్ బోర్డు ఉందా' అని అడగొద్దు, ఉందనే చెబుతారు. 'ఈ వారం దాన్ని ఎవరు ముట్టుకున్నారు, సారేనా, నువ్వు కూడానా?' అని అడగండి. 'ఆగిపోయినప్పుడు సారు ఏం చేశారు?' అని అడగండి. తిట్టి ఆపేశారా, పిల్లల సాయం అడిగారా? ఈ మూడు జవాబులు ఫ్లెక్సీ కంటే ఎక్కువ చెబుతాయి. కొత్త స్కూలుకు కూడా ఇవే ప్రశ్నలు, అక్కడ చదివే పక్కింటి పిల్లను అడిగించండి. స్కూలువాళ్లను అడిగితే బ్రోచర్ ఇస్తారు.

ఇంట్లోవాళ్లు పేరెంట్స్ మీటింగుకు వెళ్తారు కదా. అక్కడ మార్కుల గురించి గొడవపడే ముందు, పాఠం బాగా చెప్పిన సారుకు 'మా పాప త్రిభుజం పాఠం ఇంటికొచ్చి చెప్పింది సార్' అని ఒక్క మాట చెప్పించండి. ఖర్చు లేనిది.

ఇంకొకటి గట్టిగానే చెబుతున్నా. ప్యానెల్ వాడటం రాక తడబడుతున్న టీచరమ్మ వీడియో ఒకటి మన గ్రూపుల్లో నవ్వు బొమ్మలతో తిరుగుతోంది. ఎవరో గదిలోనే దొంగచాటుగా తీశారు. దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో మన సైటువాళ్లూ ఉన్నారు. ఆ వీడియో చూసిన ఇంకో పది మంది టీచర్లు రేపు స్విచ్ వేయరు, వాళ్ల ముందు కూర్చునేది మన పిల్లలే. దయచేసి డిలీట్ కొట్టండి.

ఆ తమ్ముడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. కూతురిని మూడు ప్రశ్నలూ అడిగాడంట. మొదటిదానికి "సైన్స్ మేడమ్ మాత్రమే, మమ్మల్ని కూడా ముట్టుకోనిస్తారు" అని చెప్పిందంట. మిగతా టీచర్ల సంగతి కనుక్కుంటున్నాడు. మీ పిల్లలు ఏం చెప్పారో నాకు వాయిస్ పెట్టండి, స్కూలు పేరు, టీచరు పేరు చెప్పొద్దు. వచ్చే శుక్రవారం సర్వీసు ముగిసినప్పుడు వచ్చే ఇండెమ్నిటీ లెక్క ఎట్లా వేస్తారో మాట్లాడుకుందాం, జీతం కాగితాలు దగ్గర పెట్టుకోండి.