టంకపు విద్య: చిలకలపూడి కుంపటి నుండి కంప్యూటరు పలక వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పురాణకథయో, కావ్యవిమర్శయో ప్రసంగవిషయముగా నుండుట వాడుక. నేటి విషయము చేతిపనికి సంబంధించినది. కంప్యూటరులోని మదర్‌బోర్డుపై టంకము వేసి, మెమరీకి అందు వోల్టేజిని మార్చుట ఎట్టిది, దానివలన లాభమెంత, నష్టమెంత అనునదే ఈ ప్రసంగమునకు వస్తువు. విషయము క్రొత్తదిగా తోచవచ్చును గాని, దాని మూలము కృష్ణా డెల్టాకు క్రొత్తది కాదు. టంకము వేయుట మచిలీపట్నపు పనివారికి తాతల నాటి విద్య. కాలువ నీటి మట్టమును కనిపెట్టియుండుట గుడివాడ, దివిసీమ రైతులకు నిత్యకృత్యము. ఈ రెండును తెలిసినవారికి మదర్‌బోర్డు పరాయి వస్తువు కాజాలదు.

మచిలీపట్నమును ఆనుకొని యున్న చిలకలపూడి పేరు రోల్డుగోల్డు నగలవలన దేశమంతట తెలియును. అచటి పనివాడు కుంపటి ముందు కూర్చుండి, ఊదుగొట్టముతో మంటను సన్నముగా మలచి, వెలిగారము నద్ది, రెండు లోహపు ముక్కలను ఒకటిగా కలుపును. వెలిగారమునకే టంకణమని మరియొక పేరు. లోహము వేడెక్కినపుడు దానిపై పొర కట్టు మకిలిని కరగించి తొలగించుట దాని పని. మకిలి పోయిననే టంకము ప్రాకును. ప్రాకిననే అతుకు నిలుచును. నగ ముక్కలు తాము కరగరాదు. వానికంటె తక్కువ వేడికి కరగు లోహము నడుమ ప్రవహించి వానిని పట్టవలెను. ఇదియే టంకపు విద్యకు మూలసూత్రము.

కంప్యూటరు పలకకు వేయు టంకమునకును సూత్రము ఇదియే. భేదము వేడిలో నున్నది. నగల పనిలో వాడు వెండి టంకము కరగుటకు 600 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి కావలెను. మరమ్మతు దుకాణములలో ‘లెడ్డు’ అని పిలుచు తీగలో నూటికి 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము ఉండును. అది 183 డిగ్రీలకే కరగును. సీసము విషము గనుక 2006 జూలై 1 నుండి ఐరోపా దేశములలో విద్యుత్ పరికరములందు దాని వాడుక చాలవరకు నిషేధింపబడినది. తరువాత వచ్చిన పలకలలో తగరము, వెండి, రాగి కలిసిన టంకము హెచ్చుగా కనిపించును. అది కరగుటకు సుమారు 217 డిగ్రీలు కావలెను. వెలిగారము స్థానమున పైన్ చెట్టు బంకనుండి తీసిన రోజిన్ వాడుదురు. కుంపటికి బదులు విద్యుత్తుతో కాగు సన్నని మొనగల ఐరన్ ఉండును. పనిముట్లు మారినవి, మకిలి తీయుట, వేడిని అదుపులో నుంచుట, చేయి వణకకుండుట మారలేదు.

ఐనను చేతినేర్పు ఒక్కటి చాలదు. కొలత తెలియవలెను. కొలతకును మచిలీపట్నమునకును పూర్వసంబంధము కలదు. 1926లో ఆ పట్టణమున ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ స్థాపింపబడి, శాస్త్రీయ పరికరములను తయారుచేసినది. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించినది. కుంపటి విద్యయు, కొలత విద్యయు ఒకే పట్టణమున ప్రక్కప్రక్కన పెరిగినవి. మదర్‌బోర్డు ముందు కూర్చున్నవానికి ఈ రెండును కలిసి కావలెను.

ఇక మెమరీ యననేమి? కంప్యూటరు పని చేయుచున్నంతసేపు తనకు కావలసిన లెక్కలను, అక్షరములను అప్పటికప్పుడు దాచుకొను చోటు అది. నేడు వాడుకలో నున్న ప్రధానమైన మెమరీకి మూలమైన పేటెంటు 1968లో అమెరికా దేశమున రాబర్ట్ డెన్నార్డ్ అను శాస్త్రజ్ఞునకు లభించినది. అందు ఒక్కొక్క సంకేతము ఒక్కొక్క సూక్ష్మమైన కెపాసిటరులో విద్యుత్తు నిండియున్నదా, లేదా అను దానిచేత తెలియును. ఈ కెపాసిటరు గట్టు గండిపడిన మడి వంటిది. నింపిన విద్యుత్తు మెల్లమెల్లగా కారిపోవును. అందువలన సాధారణముగా 64 మిల్లీసెకన్లకు ఒకమారు, అనగా సెకనుకు పదిహేను మారులకు పైగా, దానిని చదివి మరల నింపవలెను. నింపుటకు తగిన వోల్టేజి లేనిచో నిండిన మడి యేదో, ఎండిన మడి యేదో తెలియరాదు. కంప్యూటరు తప్పులెక్క వేయును, లేక నిలిచిపోవును.

ఈ వోల్టేజి తరతరమునకు తగ్గుచు వచ్చినది. 2000లో ప్రమాణముగా నిర్ణయింపబడిన డిడిఆర్ మెమరీకి 2.5 వోల్టులు, 2003 నాటి డిడిఆర్2కు 1.8, 2007 నాటి డిడిఆర్3కు 1.5, 2012 నాటి డిడిఆర్4కు 1.2, 2020 నాటి డిడిఆర్5కు 1.1 వోల్టులు. వోల్టేజి తగ్గినకొలది వేడి తగ్గును, విద్యుత్తు ఖర్చు తగ్గును.

కంప్యూటరులోని పెద్ద విద్యుత్ పెట్టె 12, 5, 3.3 వోల్టులను ఇచ్చును. మెమరీకి కావలసినది అంతకంటె తక్కువ. దానిని తగ్గించి నిలకడగా ఇచ్చు భాగమునకు రెగ్యులేటరని పేరు. ఈ పేరు డెల్టావాసులకు క్రొత్తది కాదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన నాటినుండి, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, కాలువల మీది రెగ్యులేటర్లను చూచుచునే యున్నారు. లస్కరు షట్టరు ప్రక్కన నిలిచి కొలత పలకను చూచును. నీరు గుర్తుకు దిగువనున్న షట్టరు ఎత్తును. గుర్తు దాటిన దించును. మదర్‌బోర్డులోని రెగ్యులేటరు చేయునదియు ఇంతే. సెకనుకు లక్షల మారులు చేయును.

ఈ విద్యుత్ లస్కరు చూచు కొలత పలక యేది? రెండు చిన్న నిరోధకములు. బయటికి పోవు వోల్టేజిని ఆ రెండును పంచి, అందలి ఒక భాగమును మాత్రమే లస్కరునకు చూపును. లెక్క చూడుడు. లస్కరు తెలిసికొని యున్న గుర్తు 0.6 వోల్టు అనుకొందము. పై నిరోధకము 2,000 ఓములు, క్రింది నిరోధకము 1,000 ఓములు అయినచో, బయటి వోల్టేజిలో మూడవవంతు లస్కరునకు కనబడును. అది 0.6 కావలెనన్న బయట 1.8 వోల్టులు ఉండవలెను. డిడిఆర్2 మెమరీకి సరిగా కావలసినది అదియే.

ఇపుడు క్రింది నిరోధకమునకు సమాంతరముగా 10,000 ఓముల నిరోధకమును టంకము వేసి కలిపినచో, ఆ రెంటి ఉమ్మడి నిరోధము సుమారు 909 ఓములగును. లస్కరునకు నీరు తగ్గినట్లు కనబడును. అతడు షట్టరు ఎత్తును. బయటి వోల్టేజి 1.92కు చేరును. 10,000కు బదులు 5,000 ఓములు కలిపినచో 2.04 వోల్టులగును. షట్టరును ఎవ్వరును ముట్టలేదు. కొలత పలకమీది అంకెలను మాత్రము మార్చిరి. మెమరీ వోల్టేజి మార్చుటలోని రహస్యమంతయు ఇంతమాత్రమే.

ఇట్లు ఏల చేసిరి? 2000 తరువాతి కొన్ని సంవత్సరములలో కంప్యూటరును నిర్ణీతవేగము మించి పరుగెత్తించు ఉత్సాహవంతులు లోకమంతట బయలుదేరిరి. హెచ్చు వోల్టేజి ఇచ్చినచో కొన్ని మెమరీ చిప్పులు హెచ్చు వేగమునకు తాళును. అనేక మదర్‌బోర్డులు తమ అమరికలలో అంత వోల్టేజిని అనుమతింపలేదు. కావున వారు చిన్న తిరుగుడు నిరోధకమును తెచ్చి, పలకకు టంకము వేసి, కొలుచుచు త్రిప్పుచు వేగమును సాధించిరి. వారి నేర్పు మెచ్చదగినదే.

కాని పెంచిన వోల్టేజి అప్పు వంటిది. మెమరీలో పుట్టు వేడి సుమారుగా వోల్టేజి వర్గము ననుసరించి పెరుగును. 1.8ని 1.92 చేసినచో వేడి నూటికి 14 పాళ్లు హెచ్చును, 2.04 చేసినచో 28 పాళ్లు హెచ్చును. డిడిఆర్2 మెమరీకి నిర్ణయించిన పని హద్దు 1.7 నుండి 1.9 వరకు మాత్రమే, 2.3 వోల్టులు దాటిన మెమరీ చెడిపోవచ్చునని ప్రమాణమే హెచ్చరించుచున్నది. వేగమును నేడు అనుభవించి, ఆయుర్దాయమును రేపు చెల్లించుట అప్పు తీర్చు పద్ధతి. ధనవంతుని వినోదమునకు అది చెల్లవచ్చును. కుటుంబమంతయు కూడబెట్టి విద్యార్థికి కొనియిచ్చిన పాత కంప్యూటరునకు చెల్లదు.

పని తెలిసినవాడు ఈ పనికి పూనుకొన్నను ఒక క్రమమును పాటించును. మొదట విద్యుత్తు తీసివేసి, పలకలో నిలువయున్న విద్యుత్తు పోవువరకు వేచియుండును. శరీరమందలి స్థిరవిద్యుత్తు చిప్పులను చంపును గనుక ముంజేతికి భూసంబంధమైన పట్టీ కట్టుకొనును. రెగ్యులేటరు చిప్పు మీది సంఖ్యను చదివి, దాని తయారీదారు ప్రకటించిన పత్రమును చూచి, ఏ కాలు ఏ పని చేయునో నిశ్చయించుకొనును. మదర్‌బోర్డులో రాగిపొరలు నాలుగైనను, అంతకు మించియైనను ఉండును; అవి వేడిని లాగివేయును. ఐరన్ మొన చాలినంత వేడి కానిచో అతుకు పట్టదు. ఎక్కువసేపు అదిమిన రాగి గుడ్డ పలకనుండి ఊడివచ్చును. తిరుగుడు నిరోధకమును అత్యధిక నిరోధమువద్ద నుంచిన పిమ్మటనే కలుపును. అది సున్నవద్ద నున్నచో లస్కరునకు కాలువ ఎండినట్లు కనబడి, షట్టరు పూర్తిగా లేచిపోవును. మెమరీ కార్డును తీసి ప్రక్కన బెట్టి, మీటరుతో వోల్టేజిని కొలిచి, సరియని తేలిన తరువాతనే కార్డును పెట్టును. పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనక అన్నము ముట్టడు. సీసము పసిపిల్లల మెదడునకు మిక్కిలి హానికరము.

వోల్టేజి పెంచుటకంటె ఈ జ్ఞానము డెల్టాకు వేరొక విధమున ఎక్కువ ఉపకరించును. మచిలీపట్నము, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రపు గాలి ఉప్పును, తేమను మోసికొని వచ్చును. పలకమీది అతుకులు మకిలిపట్టి బీటవారును. పైన చెప్పిన రెండు నిరోధకములలో క్రిందిదాని అతుకు విడిపోయినచో మెమరీ వోల్టేజి 0.6కు పడిపోయి కంప్యూటరు మేలుకొనదు. నష్టము అంతటితో ఆగును. పైదాని అతుకు విడిపోయినచో లస్కరునకు నీరే కనబడదు. రక్షణయంత్రము లేని రెగ్యులేటరు వోల్టేజిని పైకెత్తి మెమరీని మాడ్చివేయును. ఆవగింజంత అతుకు విడిపోయినందుకు ఇంత ఫలము. అట్టి పలకలో క్రొత్త మెమరీ కార్డు పెట్టినచో అదియు మాడును. రెండవది పెట్టిన రెండవదియు మాడును. కొలుచువాడు ఒక్క నిమిషములో తెలిసికొనును. కొలువనివాడు ధనము పోగొట్టుకొని, చివరకు కంప్యూటరును తుక్కుక్రింద అమ్ముకొనును.

తుక్కు మాటయు చెప్పవలసియున్నది. పాత పలకలను ఆరుబయట కాల్చి రాగిని తీయుట గాలికిని, నేలకును విషము. 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన భారత ప్రభుత్వ నియమములు పాత విద్యుత్ వస్తువుల బాధ్యతను తయారీదారులపైనను మోపినవి. ఐనను బాగుచేయబడిన ఒక కంప్యూటరు తుక్కు కాకపోవుటయే అన్నిటికంటె మేలైన మార్గము.

కాలము మరల మారినది. తరువాత వచ్చిన మదర్‌బోర్డులు పెక్కింటిలో మెమరీ వోల్టేజిని అమరికలలోనే మార్చవచ్చును, టంకముతో పనిలేదు. డిడిఆర్5 వచ్చుసరికి రెగ్యులేటరు మదర్‌బోర్డును విడిచి మెమరీ కార్డుమీదికే చేరినది. పెద్దకాలువ లాకు పొలము గట్టునకు వచ్చినట్లయినది. రేపు ఇంకొక మార్పు రాగలదు. ఏ నిరోధకము ఎచట నున్నదో కంఠస్థము చేసినవాని విద్య అపుడు పాతబడును. మకిలి తీయుము, కొలువుము, కారణము తెలిసికొనుము, తరువాతనే టంకము వేయుము అను క్రమము నేర్చినవాని విద్య పాతబడదు.

చిలకలపూడి పనివాడు తన విద్యను కుమారునకు కుంపటిముందు నేర్పెను. కంప్యూటరు పలక విద్యకు అట్టి ఇంటిగురువు ప్రతి గ్రామమునను దొరకడు. చిప్పుల పత్రములను, విద్యుత్ శాస్త్రపు తొలిపాఠములను, ఒక మీటరును, ఒక మంచి ఐరన్‌ను అందరికి అందుబాటులో నుంచగల చోటు గ్రంథాలయమే. బీరువాలోని పుస్తకమునకు ప్రక్కన మీటరుండుట అపచారము కాదు. చదివినదానిని కొలిచి చూచుకొను యువకులు నలుగురు ఈ గ్రామమున తయారైనచో, తాళములు పడిన కంప్యూటర్లు మరల వెలుగును. విద్యార్థుల చదువు ఆగదు. స్వర్ణోత్సవము నాటికి అట్టివారి పేర్లతో ఈ గ్రంథాలయపు చందాదారుల పట్టిక నిండుగాక.