అరవై రోజుల గడువు

 

జైపూర్ సంస్థానంలో 1923లో మంత్రిమండలి నల్లమందు చట్టం చేసింది. ఆ సంగతి జనానికి ఎక్కడా ప్రకటించలేదు. దాని కింద హర్లా అనే వ్యక్తికి 50 రూపాయల జరిమానా పడింది. 1951లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ప్రజలకు తెలియపరచని చట్టంతో ప్రజలను శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని జస్టిస్ వివియన్ బోస్ తేల్చిచెప్పారు. మొత్తం 50 రూపాయల కేసు. అయినా మన న్యాయచరిత్రలో నాకు అంతకంటే పెద్ద కేసులు ఎక్కువ కనిపించవు.

ఇప్పుడు నెట్ ఉంది కదా, అన్నీ అందులోనే ఉంటాయి అనుకుంటాం. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఎప్పటిలా వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. మళ్లీ మొదలయ్యేసరికి 2024 ఆగస్టు వచ్చింది. ఆ 2021 ఆగస్టులోనే, జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టమని తెలంగాణ హైకోర్టు అక్కడి ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది.

పెట్టినంత మాత్రాన పని అయిపోదు. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ చూడండి. ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో వేయాలి. స్థానిక భాషలో పంచాయతీకీ, కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్ కార్యాలయాలకూ చేర్చాలి, వెబ్‌సైట్‌లోనూ ఉంచాలి. అభ్యంతరం చెప్పడానికి 60 రోజులే గడువు. పొలం ఊళ్లో ఉండి, కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కుటుంబానికి ఆ వెబ్‌సైటే దిక్కు. అక్కడ మసకబారిన స్కాన్ కాపీ పెడితే సర్వే నంబరు కొట్టి వెతికినా దొరకదు. ఇంగ్లిష్‌లో ఉంటే నాన్నకు అర్థం కాదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది ఇందుకే.

ఈ రోజు న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న మీలో కొందరు రేపు ప్రభుత్వ న్యాయవాదులవుతారు. కలెక్టర్‌కు సలహా రాసేటప్పుడు, నోటిఫికేషన్ సంతకమైన రోజే, వెతికితే దొరికే అక్షరాల్లో, తెలుగులో పెట్టించమని రాయండి. మిగతావాళ్లు మీ మండలం పేరు మీద వచ్చే ప్రతి ప్రకటననూ చదవండి, అందులో భూమి ఎవరిదో వాళ్లకు ఫోన్ చేయండి. 60 రోజుల్లో ఎన్ని మిగిలాయో కూడా చెప్పండి.