కారుకు వేడి ఎలా తెలుస్తుంది?



స్నానానికి నీళ్లు కాగాయా అంటే ఏం చేస్తాం? చెయ్యి పెట్టి చూస్తాం. బిడ్డకు జ్వరమేమో అనిపిస్తే నుదుటి మీద చెయ్యి వేస్తాం. వేడిని కొలవడానికి మనకు చెయ్యే సాధనం.

ఇప్పుడు ఊళ్లలోకి ఏసీ కార్లు వచ్చాయి. పెళ్లికో, ఆస్పత్రికో అద్దె కారులో వెళ్తుంటాం. కొన్ని కార్లలో డ్రైవరు ముందు 24 అనే అంకె వెలుగుతుంది. కారు లోపల 24 డిగ్రీలు ఉండాలని దాని అర్థం. డ్రైవరు మళ్లీ ముట్టుకోనక్కర లేదు. ఎండ పెరిగినా, తగ్గినా కారే చూసుకుంటుంది. కారుకు చెయ్యి లేదు కదా! మరి వేడి దానికెట్లా తెలుస్తుంది?

సెన్సార్ల వల్ల తెలుస్తుంది.

పేరిన నెయ్యి గిన్నె వంచినా కదలదు. వేడి తగిలితే కరిగి జారుతుంది. సెన్సారులో కరెంటు తీరు కూడా అలాంటిదే. అందులో ఒక చిన్న పూస ఉంటుంది. మాంగనీసు, నికెలు వంటి లోహాల ఆక్సైడ్ల నుంచి దాన్ని తయారు చేస్తారు. దాని పేరు థర్మిస్టర్. చల్లగా ఉన్నప్పుడు అది కరెంటును బాగా అడ్డుకుంటుంది. వేడెక్కే కొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. కరెంటు సులువుగా పోతుంది. ఆ తేడాను బట్టి కారులోని చిన్న కంప్యూటరు వేడి ఎంతో లెక్క కడుతుంది.

కొన్ని పదార్థాలకు ఈ గుణం ఉందని 1833లో ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే గమనించాడు. వేడిని తానే సర్దుకునే ఏసీ 1964లో అమెరికాలో కాడిలాక్ కార్లలో వచ్చింది.

ఇలాంటి కారులో సెన్సారు ఒక్కటే ఉండదు.

ఒకటి కారు ముందు భాగంలో ఉంటుంది. బయటి గాలి వేడిని చెబుతుంది.

రెండోది లోపల, డ్రైవరు ముందుండే పలకలో ఉంటుంది. దాని ముందు చిన్న జాలీ ఉంటుంది. కారులోని గాలి కొంచెం కొంచెంగా ఆ జాలీలోకి పోతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టే, ఆ కాస్త గాలితో లోపలి వేడి తెలుస్తుంది.

మూడోది ముందు అద్దం కింద ఉంటుంది. ఇది ఎండ వెలుగును చూస్తుంది. ఎండ నేరుగా పడితే చల్లగాలి పెంచమంటుంది.

నాలుగోది గాలిని చల్లబరిచే గొట్టాల దగ్గర ఉంటుంది. గాలిలోని తేమ ఆ గొట్టాల మీద నీరవుతుంది. ఏసీ కారు కింద బొట్లు బొట్లుగా పడేది ఆ నీరే. గొట్టాలు మరీ చల్లబడితే నీరు మంచు కడుతుంది. గాలికి దారి మూసుకుపోతుంది. అందుకే అక్కడి చల్లదనం 0 డిగ్రీల దగ్గరికి వస్తే చల్లబరచడం కాసేపు ఆగుతుంది.

కారులో దేవుడి పటం, పూలు, తుండుగుడ్డ పెట్టుకోవడం మామూలే. అవి ఎండ సెన్సారును కప్పితే కారుకు ఎండ తెలియదు. జాలీలో దుమ్ము నిండితే లోపలి వేడి సరిగా తెలియదు. ఏసీ బాగాలేదని అనుకుంటాం. ముందు ఆ రెండు చోట్లా చూడమని డ్రైవరుకు చెప్పండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. మామూలు కారు ఆపేస్తే ఏసీ ఆగిపోతుంది. లోపల ఎంత వేడెక్కినా ఆ సెన్సార్లు ఎవరినీ పిలవవు. అద్దాలు మూసి ఎండలో ఉంచిన కారు పొయ్యిలా కాగుతుంది. బయట 35 డిగ్రీలుంటే అరగంటలోనే లోపల 50 దాటవచ్చు. అద్దం కొంచెం దించినా పెద్ద లాభం లేదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది.

2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. బయటికి రాలేక నలుగురూ చనిపోయారు.

అందుకని ఈ జాగ్రత్తలు తీసుకోవాలి.

ఐదు నిమిషాల పని అయినా బిడ్డను కారులో వదలకూడదు.

ఆగి ఉన్న కారుకు ఎప్పుడూ తాళం వేయాలి. తాళం చెవి పిల్లలకు అందకూడదు.

పిల్లలు కనబడకపోతే బావితో పాటు కార్లు కూడా వెంటనే వెతకాలి.

లోపల చిక్కుకుంటే హారన్ కొట్టమని పిల్లలకు నేర్పాలి. చాలా కార్లలో తాళం తీసినా హారన్ మోగుతుంది.

మూసిన కారులో బిడ్డ కనిపిస్తే సొంతదారు కోసం చూడకండి. తలుపు రాకపోతే, బిడ్డకు దూరంగా ఉన్న అద్దం పగలగొట్టండి. నీడకు తీసుకెళ్లి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ విసరండి. 108కి ఫోన్ చేయించండి.

మీ వీధిలో కారు ఉన్న ఇంటికి ఈ సంగతి ఇవాళే చెప్పండి.